చల్లదనం లేని ‘కూల్’

ఇంగ్లిషులో ‘కూల్’ అన్నది పసిపిల్లలు సైతం పలికే చిన్న మాట. గాలి చల్లగా ఉందన్నా, కోపం తగ్గించుకోమన్నా, కొత్త చొక్కా భలేగా ఉందన్నా ఆ భాషవారు ఈ ఒక్క మాటతోనే పని నడుపుకుంటారు. మూడర్థాలూ ఒకే మొదలు నుంచి చీలిన కొమ్మలు కనుక, మాట్లాడేవారికి వాటి మధ్య ఎడమేమీ కనిపించదు. చైనా భాషలో మాత్రం ఈ మాటలోని మెచ్చుకోలు ఒక అక్షరానికీ, చల్లదనం వేరొక అక్షరానికీ దక్కాయి. అంతటితో ఆగక, వాడుకలో ఆ రెండు అక్షరాలూ ఒకదానికొకటి ఎదురు దిశల్లో నడిచాయి.

‘కూల్’ ప్రాచీన ఇంగ్లిషు నాటి మాట. చల్లదనం నుంచి ఉద్రేకపడని స్వభావమనే అర్థం అందులో శతాబ్దాల కిందటే మొలిచింది. మెచ్చుకోలు అర్థం 20వ శతాబ్దపు తొలి సగంలో అమెరికా నల్లజాతి ప్రజల వాడుకలో, అందునా జాజ్ సంగీతకారుల మాటల్లో బలపడింది. శాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ ఈ వాడుకకు ప్రాచుర్యం తెచ్చినవాడిగా పేరుపొందాడు. మరో జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ 1949, 1950లలో రికార్డు చేసిన సంగీతం 1957లో ‘బర్త్ ఆఫ్ ద కూల్’ పేరిట ఆల్బమ్‌గా వెలువడింది. పశ్చిమాఫ్రికాలోని యొరుబా ప్రజలకు ‘ఇతుతు’ అనే భావన ఉందనీ, ఎంతటి ఒత్తిడిలోనైనా చెదరని నిదానాన్ని వారు సౌందర్యంగా ఎంచుతారనీ కళాచరిత్రకారుడు రాబర్ట్ ఫారిస్ థాంప్సన్ 1973లో వివరించాడు. అమెరికాలో రోజూ అవమానాల మధ్య బతికిన నల్లజాతి ప్రజలకు ముఖంలో కలత కనబడనీయకపోవడమే ఆత్మగౌరవమైందని గ్రహిస్తే, చల్లదనం ప్రశంసగా ఎలా మారిందో బోధపడుతుంది. అంతటి చరిత్ర ఉన్న మాట దేశాలు దాటేటప్పుడు ఆ చరిత్రను వెంట తీసుకుపోలేకపోవడం విచారించదగ్గ విషయమే.

తెలుగు లిపి ధ్వనిని పట్టుకుంటుంది. ‘కూల్’ అని రాస్తే ఆ అక్షరాలకు సొంత అర్థమేదీ అడ్డు రాదు. చైనా లిపిలో ఒక్కో అక్షరం ఒక శబ్దంతో పాటు సాధారణంగా ఒక అర్థాన్నీ మోస్తుంది కనుక, పరాయి మాటను అందులో రాయాలంటే అప్పటికే అర్థమున్న అక్షరాల్లోంచి ఒకదాన్ని ఏరుకోవలసి వస్తుంది. పైగా ఆ దేశపు ప్రమాణ భాష అయిన మాండరిన్‌లో మాట చివర ‘ల్’ నిలవదు, అందువల్ల ‘కూల్’ కాస్తా ‘ఖు’ అయింది. గొంతు పై నుంచి కిందికి జారే నాలుగో స్వరంలో ‘ఖు’ అని పలికే అక్షరాల్లో ఒకదానికి ప్యాంటు అనీ, మరొకదానికి గిడ్డంగి అనీ అర్థాలు. స్వరం మారి గొంతు ఎత్తులో సమంగా నిలిస్తే ఏడుపు. వీటన్నిటినీ దాటి వాడుక ఎంచుకున్నది క్రౌర్యాన్ని చెప్పే ‘ఖు’ను.

ఆ అక్షరం ఎడమ భాగంలో ఉన్న గుర్తు మద్యం కుండ బొమ్మ నుంచి వచ్చింది. క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ కూర్చిన ‘షువోవెన్ జ్యెజి’ నిఘంటువు ఈ అక్షరానికి మద్యపు చిక్కని రుచి అని అర్థం చెప్పింది. ఘాటు తీవ్రతగా, తీవ్రత కాఠిన్యంగా విస్తరించడం ఎంతో కాలం పట్టే పని కాదేమో, ఆ నిఘంటువుకు దాదాపు రెండు శతాబ్దాల ముందే చరిత్రకారుడు సిమా చ్యెన్ తన ‘షిజీ’ గ్రంథంలోని 122వ అధ్యాయాన్ని ‘ఖు లీ’లకు, అంటే కరకు అధికారులకు, కేటాయించాడు. వారిలో ఒకడైన జాంగ్ థాంగ్ బాల్యంలో, ఇంట్లో మాంసం ఎలుక ఎత్తుకుపోయినందుకు తండ్రి చేత దెబ్బలు తిని, కలుగు తవ్వి ఆ ఎలుకను పట్టుకుని, దానిపై అభియోగం మోపి, విచారించి, తీర్పు రాసి మరీ మరణశిక్ష అమలు చేశాడని ఆ అధ్యాయం చెబుతుంది. నేటి భాషలోనూ ‘ఖు షింగ్’ అంటే చిత్రహింస, ‘త్సాన్ ఖు’ అంటే కిరాతకం, ‘ఖు షు’ అంటే భరించలేని మండువేసవి. చల్లదనానికి ఇంగ్లిషు వాడే మాట, చైనా లిపిలో నిప్పులు చెరిగే ఎండను చెప్పే అక్షరాన్ని తొడుక్కున్నదన్నమాట.

ఈ ఎంపిక కేవలం ధ్వనిని చూసి జరిగిందనుకుంటే పొరపాటు. ‘లెంగ్’ అంటే చలి. దానికి ఈ ‘ఖు’ను చేర్చిన ‘లెంగ్ ఖు’ అన్న పాత సమాసానికి జాలిలేని, ముఖంలో భావం పలకని మనిషి అని అర్థం. 20వ శతాబ్దపు చివరి దశకాల్లో తైవాన్, హాంకాంగ్‌ల మీదుగా కొత్త ‘ఖు’ వ్యాపించినప్పుడు అది మొదట వర్ణించినది అలాంటి రూపాన్నే: నవ్వు తక్కువ, మాట తక్కువ, చూపు మాత్రం పదును. నిఘంటువులు దీన్ని పాత అక్షరానికి అనుబంధార్థంగా కాక వేరే పదంగా నమోదు చేసి, గంభీరమైన, తనదైన ముద్ర గల ఆకర్షణగా నిర్వచించాయి. మరోపక్క, గాఢంగా ప్రేమించడాన్ని చెప్పే ‘ఖు అయ్’ వంటి పాత మాటల్లో తీవ్రత మంచివైపు మొగ్గి ఉండడం కూడా దారి సుగమం చేసి ఉంటుంది. తర్వాత అర్థం వెడల్పయి, బండినీ, బొమ్మనీ, ఆలోచననీ ‘ఖు’ అనడం మామూలైంది. ఆ బింకాన్ని కావాలని నటించేవారిని ఎత్తిపొడవడానికి ‘జ్వాంగ్ ఖు’ అన్న మాటా పుట్టింది. 2006లో మొదలైన వీడియో సంస్థ ‘యోఖు’ పేరులో శ్రేష్ఠతను చెప్పే అక్షరం పక్కన నిలిచినది ఇదే.

ఇక చల్లదనానికి సొంత అక్షరం ‘ల్యాంగ్’. ఎండలో నీడ దొరికిన హాయిని ‘ల్యాంగ్ ఖ్వాయ్’ అంటారు, అక్కడివరకు అది తెలుగువారి ‘చల్లన’కు తోబుట్టువే. అయితే మనిషి లేచి వెళ్లగానే టీ చల్లారుతుందన్న చైనా నానుడి, పదవి పోయినవారికి మర్యాద పోవడాన్ని చెబుతుంది. నేటి యువత వాడుకలో ‘ల్యాంగ్ ల’, అంటే చల్లబడింది అన్న మాటకు, పని చెడింది, ఇక ఆశ లేదు అని అర్థం. 2017లో ప్రసారమైన ఒక ధారావాహికలోని ‘ల్యాంగ్ ల్యాంగ్’ అనే విషాద గీతం ఈ వాడుకకు మరింత ఊపునిచ్చింది. ఇంగ్లిషులో ఒక ఆలోచనను ‘కూల్’ అని పొగిడితే, దాన్ని అక్షరార్థంతో ‘ల్యాంగ్’ అని తర్జుమా చేసినవారు ఆ ఆలోచన చచ్చిందని చెప్పినట్టవుతుంది. ‘చల్లగా ఉండు’ అని దీవించి, ‘ఉత్సాహం చల్లారింది’ అని నిట్టూర్చే తెలుగువారికి ఈ రెండు ముఖాలూ ఒకే ధాతువులో పరిచితమే కనుక, ఈ చిక్కు ఇతరులకంటే వారికి తొందరగా అర్థమవుతుంది.

అర్థమున్న అక్షరంతో ధ్వనిని రాయడంలోని ఇబ్బందే ఒక్కోసారి ఆటగా మారుతుంది. ఇంగ్లిషు ‘ఫ్యాన్స్’ చైనాలో ‘ఫెన్‌స్’ అయింది. ఆ అక్షరాల అసలు అర్థం పెసర వంటి గింజల పిండితో చేసే సన్నని సేమ్యా. 2005లో హునాన్ టెలివిజన్ నడిపిన ‘సూపర్ గర్ల్’ పాటల పోటీలో గెలిచిన లీ యూచున్ అభిమానులు ఆమె పేరులోని శబ్దాన్ని కలుపుకుని ‘యూ మీ’, అంటే మొక్కజొన్నలు, అయ్యారు. అదే పోటీలో పాడిన జాంగ్ ల్యాంగ్‌యింగ్ అభిమానులు, ఆమె పేరులోని అక్షరం వేరైనా ధ్వని దగ్గరగా ఉండడంతో, చల్లదనపు ‘ల్యాంగ్’నే తీసుకుని ‘ల్యాంగ్ ఫెన్’ అని పేరు పెట్టుకున్నారు. అది పిండిని ఉడికించి, గడ్డకట్టించి, ముక్కలుగా కోసిన తిండి. ఆమె సొంత ప్రాంతమైన సిచువాన్‌లో దానిమీద ఎర్రటి మిరపనూనె పోసి చల్లగానే తింటారు.