ఆడపడుచు సంతకం

‘కట్నమిచ్చాం, సారె పెట్టాం, పురుళ్లు పోశాం... ఇంకా వాటా ఏమిటమ్మా?’

ఆస్తి పంపకాల వేళ చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. ఆ వెనకే ఓ కాగితం వస్తుంది. ‘నా వాటా నాకు అక్కర్లేదు’ అంటూ ఆడపిల్ల సంతకం చేయాల్సిన హక్కు విడుదల పత్రం!

ఈ విషయంలో దేశానికి దారి చూపింది తెలుగునేలే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తాతముత్తాతల ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును మగపిల్లలకే ఉంచేసింది. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా ఆంధ్రప్రదేశ్ దాన్ని సవరించి, కూతుళ్లకూ సమాన హక్కు ఇచ్చింది. వరకట్న దురాచారాన్ని రూపుమాపాలన్న ఉద్దేశాన్ని ఆ చట్టం పీఠికలోనే రాశారు. 1985 సెప్టెంబరు 5న అది అమల్లోకి వచ్చింది. కేంద్రం కదలడానికి మాత్రం మరో ఇరవై ఏళ్లు పట్టింది.

అయితే మన సవరణలో ఓ మెలిక ఉంది. అప్పటికే పెళ్లయిన వాళ్లకు అది వర్తించలేదు. అలా ఒకే ఇంట్లో అక్కకు లేని హక్కు చెల్లెలికి దక్కింది. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ‘ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా?’ అన్న తగవు ఇంకో పదిహేనేళ్లు సాగింది. అక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ‘ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం’ అంటే మామూలుగా చెల్లదనీ చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను మాత్రం తిరగదోడలేరు.

ఇంత పోరాడి సాధించిన హక్కు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఒక్క సంతకంతో చేజారిపోతోంది. వాటా అడిగితే పండక్కి పిలుపు రాదేమో, రేపు అత్తింట్లో కష్టమొస్తే ఏ గుమ్మం ఎక్కాలి... ఆ బెంగే చేయి పట్టి సంతకం పెట్టిస్తుంది. ‘అమ్మానాన్నల్ని చూసుకునేది మేం కదా’ అనే అన్నదమ్ముల మాటనూ కొట్టిపారేయలేం. అయితే కన్నవారిని పోషించే బాధ్యత కూతుళ్లకూ ఉందని 2007 నాటి చట్టం చెబుతోంది. ఇక కట్నం లెక్క అంటారా... ఇవ్వడమూ పుచ్చుకోవడమూ 1961 నుంచీ నేరమే. ఆ నేరాన్నే జమాఖర్చుల్లో చూపిస్తున్నామన్నమాట!

విడుదల పత్రం ఒకసారి రిజిస్టరైతే వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. అందుకే చదవకుండా సంతకం చేయొద్దు. నకలు అడిగి ఇంటికి తీసుకెళ్లి, తెలిసినవాళ్లకు చూపించాలి. లాయరు ఫీజు భరించలేమన్న దిగులూ అక్కర్లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు ఉచితంగా న్యాయ సహాయం అందిస్తారు.