పత్మాసు ద్వీపయాత్ర: ముందుగా యోచింపవలసిన సంగతులు

పత్మాసు అను పేరు వినని విద్యార్థి మనలో నుండడు. ప్రకటన గ్రంథపు మొదటి అధ్యాయములోనే అది కనబడును. అయినను పటముమీద చూపుమని మా తరగతిలో నడిగినప్పుడు చూపగలిగినవారు ఇద్దరే. డెబ్బది యేండ్లు దాటిన మా తల్లిగారికి ఆ చోటు కన్నులార చూడవలెనని చిరకాలపు కోరిక. అందుకై కొన్ని సంవత్సరములుగా సొమ్ము కూడబెట్టి, వచ్చు వేసవి సెలవులలో పోవుటకు సిద్ధపడుచున్నాము. ఈ ప్రయత్నములో మేము నేర్చుకొన్నవియు, పొరబడినవియు ఇచ్చట తెలుపుచున్నాము.

పత్మాసు ఈజియను సముద్రములో ఆసియా మైనరు తీరమునకు చేరువనున్నది. వైశాల్యము సుమారు 34 చదరపు కిలోమీటర్లు. జనులు ఇంచుమించు 3,000 మంది. 1912 మొదలు ఇటలీవారి యేలుబడిలోనుండి 1948లో గ్రీసు దేశమున చేరినది. చిన్న ద్వీపమే గదా, పోవుట సులభమని మేమనుకొంటిమి. ఆ చిన్నతనమే చిక్కు. అచ్చట విమానాశ్రయము లేదు. ఏథెన్సు వరకు విమానములో పోయి, పిరేయస్ రేవున ఓడ యెక్కి, ఏడెనిమిది గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ, ప్రయాణము చేయవలెను. కొన్ని ఓడలు అర్ధరాత్రమునకు చేరును గనుక బస ముందుగానే కుదుర్చుకొనవలెను.

మా మొదటి పట్టికలో, తిరుగుటకై ఓడ దిగిన నాటి సాయంకాలమే విమానమెక్కునట్లు వ్రాసికొంటిమి. ఇది పెద్ద పొరపాటు. ఆ సముద్రమున మెల్తెమి అను ఉత్తరపు గాలి కలదు. జూలై, ఆగస్టు మాసములలో దాని బలమెక్కువ. గాలి హద్దు మీరినచో రేవు అధికారులు ఓడలను కదలనియ్యరు. ఒక్క దినము ఓడ నిలిచినను విమానపు టిక్కెట్టు సొమ్మంతయు నీళ్లపాలగును. కావున ఇప్పుడు ఏథెన్సులో చివరి రెండు రాత్రులు ఉంచుకొంటిమి. అవి వ్యర్థము కావు. అరేయొపగు కొండ అచ్చటనే యున్నది.

మన సెలవులు మే మాసమున వచ్చుట మేలాయెను. అప్పటికి గాలి అంతగా హెచ్చదు. ఎండయు మన యెండవలె మాడ్చదు. అయితే గ్రీకు సంఘమువారి పునరుత్థాన పండుగ తేదీ విచారింపవలెను. వారు పాత పంచాంగమునుబట్టి లెక్కింతురు. 2024లో మన పండుగ మార్చి 31న, వారిది మే 5న జరిగెను. పండుగకు ముందటి గురువారమున పత్మాసులో మఠాధిపతి పన్నెండుగురి పాదములు కడుగు ఆచారము కలదు. అది చూడదగినదే గాని, ఆ వారము బసలు దొరకుట కష్టము.

షెంగెన్ వీసాకు ప్రయాణమునకు ఆరు మాసముల లోపల, పదునైదు దినములకు తక్కువ కాకుండ దరఖాస్తు పెట్టవలెను. 30,000 యూరోలకు తగ్గని వైద్య భీమా పత్రము కూడ కావలెను.

రేవు గ్రామము పేరు స్కాలా. కొండమీది ఊరు ఖోరా. ఈ రెంటి నడుమ, యోహాను దర్శనము చూచెనని చెప్పబడు గుహ యున్నది. కొండ శిఖరమున 1088లో స్థాపించిన మఠము కోటవలె నిలిచియున్నది. మార్కు సువార్తలోని 33 ఆకులు, ఊదారంగు చర్మముపై వెండి అక్షరములతో ఆరవ శతాబ్దమున వ్రాసినవి, అందే కలవు. భుజములును మోకాళ్లును కప్పుకొని పోవలెను. మన చీరలకు, పంచెలకు ఆ చింత లేదు. కొండమీదికి బస్సు నడచును. గుహలోనికి మాత్రము మెట్లు దిగక తప్పదు.

అందుచేత మా తల్లిగారు ప్రతి సాయంకాలము పాఠశాల మేడమెట్లు రెండు మారులు ఎక్కి దిగుచున్నారు.