చిన్న దేశానికి పెద్దపీట!

మాల్టా... మధ్యధరా సముద్రంలో ఓ బుల్లి ద్వీప దేశం. జనాభా సుమారు 5.5 లక్షలు. జర్మనీలోనేమో 8 కోట్ల పైమాటే. రెండూ ఐరోపా సమాఖ్య సభ్యులే. మరి ఉమ్మడి పార్లమెంటులో సీట్లు పంచుకునేదెలా?

అందరికీ సమానమంటే పెద్ద దేశాలు ఒప్పుకోవు. పోనీ, అచ్చంగా జనాభా లెక్కనే పంచుదామంటే మాల్టా వాటా ఒక్క సీటుకు కూడా తూగదు! అందుకే మధ్యేమార్గం. 2009లో అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం ప్రకారం ఎంత చిన్న దేశానికైనా 6 సీట్లకు తగ్గకూడదు, ఎంత పెద్ద దేశానికైనా 96కు మించకూడదు. జనాభాతోపాటు సీట్లూ పెరుగుతాయి కానీ అదే నిష్పత్తిలో కాదు.

2024 ఎన్నికల్లో మొత్తం సీట్లు 720. అందులో జర్మనీకి 96, ఫ్రాన్స్‌కు 81, ఇటలీకి 76. మాల్టా, లక్సెంబర్గ్, సైప్రస్‌లకు తలా 6. అంటే, జర్మనీలో ఒక్కో సభ్యుడు 8.7 లక్షల మందికి ప్రతినిధి అయితే, మాల్టాలో 90 వేల పైచిలుకు మందికే. అక్కడి ఓటుకు దాదాపు తొమ్మిది రెట్ల విలువన్నమాట!

మరి ఓటర్లంతా సమానమన్న సూత్రం ఏమైనట్టు? జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం కూడా 2009లో ఈ అసమానతను ఎత్తిచూపింది. అయినా పద్ధతి మారలేదు.

2020లో బ్రిటన్ వైదొలగినప్పుడు దాని 73 సీట్లలో 27 మాత్రమే 14 దేశాలకు పంచారు. ఎవరికీ ఒక్క సీటూ తగ్గించలేదు. తగ్గిస్తే పేచీ తప్పదు మరి. పెద్దవాళ్లు కాస్త సర్దుకుంటేనే చిన్నవాళ్ల మాటా వినపడేది. ఉమ్మడి కుటుంబం నిలబడేదీ అలాగే కదా!