టిక్కులు: చికిత్సామార్గములు

ఎనిమిదేండ్ల పిల్లవాడు పుస్తకము ముందు కూర్చుండి పదే పదే కన్నులార్పుచు, భుజము నెగురవేయుచు, గొంతు సవరించుకొనుచుండగా, తల్లిదండ్రులు వానిని మొదట కంటివైద్యునికిని, పిదప గొంతువైద్యునికిని చూపించి, దోషమేమియు లేదని తెలిసినంతనే, అది వట్టి చెడ్డ అలవాటని నిశ్చయించి గద్దింపసాగుదురు. కాని టిక్ అనబడు ఈ చేష్ట బుద్ధిపూర్వకమైనది కాదు. మెదడులో కదలికలను నియమించు నాడీవలయములకు సంబంధించినది. ఆందోళన హెచ్చినకొలది తానును హెచ్చునది. పారిస్ నగరమున నాడీవైద్యుడగు షార్కో శిష్యుడైన జిల్ ద లా టూరెట్ 1885లో తొమ్మండుగురు రోగులను వర్ణించినందున, పలువిధములైన కదలికలును శబ్దమును ఏడాదికి మించి నిలిచిన రూపమునకు ఆతని పేరే వాడుకైనది.

చికిత్స అందరికిని అవసరము కాదు. సాధారణముగా అయిదారేండ్లకు మొదలై, పది పండ్రెండేండ్లకు తీవ్రమై, యౌవనారంభమున చాలమందిలో తగ్గుముఖము పట్టు టిక్కులు నొప్పిని గాని, చదువునకు విఘాతమును గాని కలిగింపనిచో, కనిపెట్టియుండుటయే చాలును.

అవసరమైనవారికి నేడు వైద్యులు ముందుగా సూచించునది మందు కాదు, అభ్యాసము. టిక్కునకు ముందు, తుమ్ము రాబోవునప్పటివలె, లోపలనుండి యొక ఒత్తిడి తోచును. దానిని పసిగట్టి, మెడ విసరు బాలుడు గడ్డమును మెల్లగా దించి కండరములను బిగించుటయు, గొంతుతో శబ్దముచేయు బాలిక ముక్కుతో నిదానముగా శ్వాసించుటయు, ఆ ఒత్తిడి చల్లారువరకు నిలుపవలయును. 1973లో ఆజ్రిన్, నన్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఈ పద్ధతిని విస్తరించి 126 మంది పిల్లలపై జరిపి, 2010లో వెలువరించిన పరీక్షలో, శిక్షణ పొందినవారిలో సగమునకు పైగా గుణము కనబడగా, బోధనయు ఓదార్పును మాత్రమే పొందినవారిలో అయిదవవంతునకైనను కనబడలేదు. ఒక టిక్కు నణచిన మరియొకటి పుట్టుననెడి భయమునకును ఆధారము దొరకలేదు. ఇంతటి మేలైన విద్యను నేర్పగలవారు మన యూళ్లలో అరుదగుటచే, మందుచీటీతోనే చికిత్స మొదలగుచుండుట మిక్కిలి శోచనీయము.

మందులు వ్యర్థములని కాదు. టిక్కులను తగ్గించుటకిచ్చు క్లోనిడిన్ వలన మత్తును, రక్తపోటు తగ్గుటయు కలుగవచ్చును. దానిని హఠాత్తుగా మానరాదు. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ వంటివి బలమైనవి, కాని బరువు పెంచవచ్చును. ఏ యొక్క కండరమో బాధించునప్పుడు బోటులినమ్ సూదిమందు ఉపకరించును. మెదడులో విద్యుత్తంతువు నమర్చు శస్త్రచికిత్స, మరేదియు ఫలింపని అతికొలదిమందికి మాత్రమే.

పెక్కుమంది పిల్లలను టిక్కులకంటె వానితో కూడివచ్చు ఏడీహెచ్‌డీ అను ఏకాగ్రతాలోపమో, ఓసీడీ అను తలంపుల, చేష్టల నిర్బంధమో ఎక్కువగా క్రుంగదీయును. అట్టిచో ముందుగా దానికే చికిత్స జరుగవలయును. ఉపాధ్యాయునకు తల్లిదండ్రులు సంగతి విశదపరచి, తరగతినుండి కొంతసేపు వెలికి పోవుటకును, పరీక్షలలో వేరుగదిలో వ్రాయుటకును అనుమతి కోరవలయును.