బొమ్మల కొలువులో బాంబరు విమానపు టరెట్టు

ఘనపూరను పేరుగల గ్రామములు నేడు జనగామ, భూపాలపల్లి జిల్లాలు రెంటను గలవు. స్టేషను ఘనపూరు రైలుదారి మీది యూరు. ములుగు వైపు ఘనపూరు కాకతీయులనాటి కోటగుళ్లకు ప్రసిద్ధి. 1918లో ఈ సీమయంతయు నిజాము రాజ్యములోనిదే. ఆ యేట ఐరోపా యుద్ధమునకు బోయిన కొన్ని బాంబరు విమానముల ప్రక్కను హైదరాబాదు పేరు వ్రాయబడియుండెనని మన పాఠకురాండ్రలో నెందరికి దెలియును?

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనముతో ఆంగ్లేయుల విమానదళ మొకదానికి డీ.హెచ్.9ఏ అను విమానములు సమకూడినవి. నాటినుండి దానికి 110వ హైదరాబాదు దళమని పేరు. వానిలో ‘హైదరాబాదు 12ఏ’ అను విమానము 1918 అక్టోబరు 5వ తేదీన జర్మనులకు జిక్కి, బెర్లినులో ప్రదర్శింపబడి, రెండవ యుద్ధకాలమున పోలెండునకు జేరి, 1977లో ఇంగ్లండునకు దిరిగివచ్చినది. ఇప్పటికిని లండనులోని విమానదళ ప్రదర్శనశాలలో నిజాము పేరితో నిలిచియున్నది. ప్రభువు లిచ్చిన సొమ్మైనను మొదట పొలము దున్నినవారి చేతిదే గదా! విమానమును కన్నులజూడని యూళ్ల కష్టము కొంత యందు లేకపోలేదని మా తలంపు.

ఆ పాత విమానములో తుపాకివాడు వెనుకగూటిలో గాలికెదురుగా నిలువబడి, వలయముపై దిరుగు తుపాకిని చేతులతోనే త్రిప్పవలసివచ్చెడిది. ఇరువదియేండ్లకు అదే దళమునకు బ్లెన్‌హైమ్ విమానములు వచ్చినవి. వాని వీపుమీద అద్దపు గోపురము వంటి టరెట్టు, అనగా దిరుగుడు బురుజు, గలదు. ఇంజను నడుపు పంపు నూనెను ఒత్తిడితో నెట్టగా బురుజు తిరుగును. సైకిలు పిడులవంటి పిడులు తుపాకివాని చేతిలో నుండును. ఇందలి చమత్కారమేమన, తుపాకి పైకి లేచినకొలది వాని యాసనము క్రిందికి దిగును. అందుచే కన్ను గురినుండి తొలగదు. మొదట నొక్క తుపాకి, పిదప రెండు. ముగ్గురు మనుష్యుల విమానములో రేడియో పనియు వీనిదే.

యుద్ధము ప్రకటించిన మరునాడు, 1939 సెప్టెంబరు 4వ తేదీన, ఈ దళపు విమానము లైదు కెన్నెత్ డొరాన్ నాయకత్వమున జర్మను యుద్ధనౌకలపై దాడికి వెడలినవి. మబ్బు క్రిందుగా బోయి బాంబులు వేసినవి. ఒకటి తిరిగిరాలేదు. వెంట వచ్చిన 107వ దళమున కైదింటిలో నాలుగు నష్టమయ్యెను.

ఇట్టిదానిని ఇంట నమూనాగా జేయుట సాధ్యమా యందురేమో. కొండపల్లి బొమ్మను, నిర్మల బొమ్మను చూచిన చేతులకు అసాధ్యము కాదు. విమానమంతయు వలదు, బురుజును, దాని చుట్టునున్న వీపుభాగమును జాలును. అడుగునకు అంగుళము చొప్పున కొలత యేర్పరచుకొన్నచో లెక్క సులభము. అయిదడుగుల ఆరంగుళముల మనుష్యుడు అయిదున్నర యంగుళముల బొమ్మ యగును. అంగళ్లలో దొరకు ప్లాస్టిక్ నమూనాలు పెక్కు డెబ్బదిరెండవ వంతువి. వానిలో మనుష్యు డంగుళమైన నుండడు, ముఖము వ్రాయుటకు చోటే లేదు.

అన్నిటికంటె కష్టమైనది అద్దపు గోపురము. మొదట పొణికి కఱ్ఱతో దాని యాకారమును జెక్కి ఉప్పుకాగితముతో నున్నగా రుద్దవలెను. కఱ్ఱపై నొక్క గీత మిగిలినను అద్దమునందు గానవచ్చును గనుక ఇచ్చట తొందర కూడదు. తరువాత నొక పలకలో ఆ యాకారముకంటె కొంచెము పెద్ద రంధ్రము చేసి, దానిపై పలుచని పారదర్శకపు ప్లాస్టిక్ రేకును మేకులతో బిగించి, మెత్తబడువఱకు వేడిచేసి, కఱ్ఱ యచ్చును రంధ్రములోనికి ఒక్క తడవగా నదుమవలెను. రేకు అచ్చు నంటి గోపురమగును. పిల్లలను పొయ్యికి దూరముగా నుంచి, కిటికీలు తెఱచి చేయవలసిన పని యిది. కమ్ములకు సన్నని కాగితపు పట్టీలకు రంగువేసి యంటించిన జాలును.

తుపాకి గొట్టమునకు ఇత్తడి రేకు మేలు. స్టేషను ఘనపూరునుండి హైదరాబాదు వైపు బోవునపుడు జనగామ చెంతనే పెంబర్తి గలదు; రేకుపై నగిషీ చెక్కుటలో ఆ యూరి పనివారిది పేరెన్నికగన్న చేయి. అట్టి రేకు ముక్కను సూదిపై జుట్టి, నల్లరంగు పూసి, ఆరిన పిమ్మట పెన్సిలు పొడితో రుద్దినచో ఇనుపకాంతి వచ్చును. లోపలి గోడలకు బూడిద కలసిన పచ్చరంగు వేయవలెను. దుస్తుల మడతలకు చింతగింజల జిగురును రంపపుపొడిని గలిపిన మక్కు కంటె మంచిది లేదు. మెడచుట్టు ఉన్నిపట్టీకి దూది నంటింపవచ్చును.

మనుష్యుని బొమ్మ లేకుండ బురుజును మాత్రమే నిలుపువారు గలరు. మాకది సమ్మతము కాదు. ఖాళీబురుజు యంత్రపు సొగసును మాత్రమే చూపును. చంపు సాధనమును కొలువులో నేల పెట్టుటయని పెద్దలడుగుదురు. అమ్మవారి చేతులందును ఆయుధములున్నవి గదా యని వాదించువారి పోలికయు మాకు నచ్చదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. క్రిందనుండు వారి బాధ తెలుగుదేశ మెఱుగనిది కాదు. కావున దేవతామూర్తుల మెట్లపై గాక, ఊరు, సంత, రైలు మొదలైనవి తీర్చు నేలభాగమున దీని నుంచుట మంచిది. చూచువా రడిగినపుడు, అద్దమువెనుక గూర్చున్నవాని పని చెప్పి, క్రిందనున్నవారి మాటయు జెప్పవలెను.

చీటిపై ‘బ్లెన్‌హైమ్ టరెట్టు, 110వ హైదరాబాదు దళము, 1939, అడుగునకు అంగుళము’ అని వ్రాయుడు. చోటున్నచో ప్రక్కనే 1918 నాటి తెఱపిగూటిని గూడ నిలిపినచో ఇరువది యేండ్ల మార్పు ఒక్కచూపున దెలియును. ఆ వలయమునకు అద్దము నక్కరలేదు, అచ్చు నక్కరలేదు. వంచిన వెదురుబద్ద యొకటి చాలును.