సరే యను గుర్తు

హఫీజ్‌పేట రైలుస్టేషనులో ఉదయము ఎనిమిది గంటలు దాటినది మొదలు నిలుచుటకు చోటు దొరకుట కష్టము. లింగంపల్లినుండి వచ్చు బండి నెక్కి కొందరు తరువాతి స్టేషనైన హైటెక్ సిటీలో దిగుదురు. కొందరు బేగంపేట, సికింద్రాబాదుల వైపు పోవుదురు. వేచియుండువారిలో పట్టాలవైపు చూచువారు తక్కువ. చాలమంది చూపు చేతిలోని ఫోనుమీదనే యుండును.

అట్టివారిలో ఒక గృహస్థునకు ఇంటినుండి వార్త వచ్చినదనుకొనవచ్చును: "సాయంకాలము ఐదు గంటలకు బాబును బడినుండి తీసికొనిరండి." బండి వచ్చుచున్నది. జనము త్రోసికొనుచున్నారు. ఆయన త్వరపడి, బొటనవ్రేలు పైకెత్తిన చిన్న బొమ్మ నొకదానిని పంపి బండి యెక్కును. వార్త చూచితినని ఆయన భావము. తీసికొనివత్తునని ఆమె చేసికొనిన అర్థము. ఐదు గంటలకు బడి గేటువద్ద పిల్లవాడు ఒంటరిగా నిలిచియుండును.

బొమ్మయందు దోషము లేదు. అందినది, చదివితిని, ఒప్పుకొంటిని, పని ముగించితిని అను నాలుగు మాటలను ఒక్క బొమ్మచేతనే చెప్పించుట వలన ఈ చిక్కు వచ్చినది. ఆకుపచ్చని చదరములో తెల్లని టిక్కు గల బొమ్మయు నిట్టిదే. "రేపు ఉదయము నీరు రాదు" అని అపార్ట్‌మెంటు కార్యదర్శి వ్రాసినప్పుడు వచ్చు టిక్కునకు చదివితిమని యర్థము. "నెల రుసుము కట్టినవా రెవరు?" అని యడిగినప్పుడు వచ్చు అదే టిక్కునకు కట్టితిమని యర్థము. ప్రశ్నను బట్టియే జవాబు తెలియును. ప్రశ్న స్పష్టముగా లేనిచో జవాబును స్పష్టముగా నుండదు.

వాట్సాప్‌లో వార్త ప్రక్కన కనబడు టిక్కులు వేరు. అవి మనిషి పెట్టునవి కావు, యంత్రము పెట్టునవి. ఒక టిక్కు పోయినదని, రెండు టిక్కులు అవతలి ఫోనునకు చేరినవని తెలుపును. 2014వ సంవత్సరమునుండి, చదివినచో అవి నీలి రంగునకు మారుచున్నవి. నీలి టిక్కులను చూచి "ఒప్పుకొన్నారు" అని తలచువారు కలరు. కన్ను చూచినంతమాత్రమున నోరు సరే యన్నట్లు కాదు గదా!

ఇట్టి బొమ్మలకు ఎమోజీలని పేరు. ఇది జపాను మాట. 'ఎ' యనగా చిత్రము, 'మోజి' యనగా అక్షరము. 1999లో ఆ దేశపు డొకోమో సంస్థ 176 బొమ్మలను తన ఫోనులలో చేర్చినది. టిక్కు బొమ్మయు, బొటనవ్రేలి బొమ్మయు 2010లో యూనికోడ్ అను అంతర్జాతీయ అక్షర పట్టిక కెక్కినవి. ఆ పట్టికలో ప్రతి గుర్తునకు ఒక సంఖ్య కలదు. టిక్కు బొమ్మ సంఖ్య 2705. పంపినప్పుడు పోవునది ఈ సంఖ్యయే గాని చిత్రము కాదు. సంఖ్యను చూచి అవతలి ఫోను తన వద్దనున్న చిత్రమును చూపును. అందుచేతనే ఒకే గుర్తు రెండు ఫోనులలో కొంచెము వేరుగా కనబడును. చిత్రమేమనగా, జపాను బడులలో ఉపాధ్యాయులు సరియైన జవాబునకు సున్న చుట్టుదురు. టిక్కు పెట్టిన ఆ జవాబు తప్పని యర్థము.

సమ్మతిని తెలుపుటకు గుర్తులు తెలుగువారికి క్రొత్తవి కావు. కథ చెప్పువానికి వినువాడు "ఊఁ" కొట్టవలెను. అయితే ఆ "ఊఁ"లో వినుచున్నానను మాటయే గాని, కథను నమ్మితినను మాట లేదు. అప్పు పత్రముమీద చదువురానివాడు వేయు వ్రేలిముద్ర అట్లు కాదు. దానితో బాధ్యత మెడకు చుట్టుకొనును. ఫోనులోని బొటనవ్రేలు "ఊఁ"యా, వ్రేలిముద్రయా?

ఈ ప్రశ్న కెనడా దేశమున న్యాయస్థానము వరకు పోయినది. 2021లో సస్కాచవాన్ రాష్ట్రమున ధాన్యము కొను సంస్థ యొకటి, 86 టన్నుల అవిసె గింజల కొనుగోలు ఒప్పందమును ఫొటో తీసి ఒక రైతునకు ఫోనులో పంపి, ధ్రువపరచుమని కోరెను. రైతు బొటనవ్రేలి బొమ్మను పంపెను. గింజలు ఇయ్యవలసిన కాలమునకు ధర బాగుగా పెరిగెను, గింజలు రాలేదు. కాగితము అందినదని మాత్రమే తన భావమని రైతు వాదించెను. కాని అంతకుముందు అతడు "సరే" వంటి పొట్టి మాటలతో జవాబిచ్చి, ఆ ప్రకారము ధాన్యము నిచ్చియుండెను. ఆ వాడుకను బట్టి, బొటనవ్రేలు సంతకముతో సమానమని 2023లో న్యాయమూర్తి తీర్పు చెప్పి, సుమారు 82,000 కెనడా డాలర్లు చెల్లింపుమనెను. 2024లో పై న్యాయస్థానము దానినే స్థిరపరచినది.

హఫీజ్‌పేట మీదుగా పోవు రైలుమార్గము పాతది. వాడి, సికింద్రాబాదుల నడుమ 1874లో వేయబడినది. ఎం.ఎం.టి.ఎస్. బండ్లు 2003లో వచ్చినవి. రైల్వేవారు ఇట్టి సందేహమునకు చాలకాలముగా తావీయలేదు. లెవెల్ క్రాసింగు గేటు వేయుమని స్టేషను మాస్టరు ఫోనులో చెప్పినప్పుడు, గేటు కాపరి "సరే" యన్న చాలదు. గేటు వేసిన పిమ్మట, తన వద్దనున్న పట్టికనుండి రెండంకెల రహస్య సంఖ్య నొకదానిని చెప్పవలెను. మాస్టరు దానిని పుస్తకములో వ్రాసికొనును. ఇక్కడ "వింటిని" అనుటకు సంఖ్య లేదు. "వేసితిని" అనుటకు మాత్రమే కలదు. చెప్పిన సంఖ్యను కాపరి పట్టికలో కొట్టివేయును. తరువాతి బండికి మరియొక సంఖ్య.