విశ్వవిద్యాలయ గ్రంథాలయము: ఏవి చేర్చవలయును?

గ్రంథాలయమున నెన్ని పుస్తకములున్నవని యడుగువారు పెక్కుమంది. అవి యెవరి నిర్ణయమున వచ్చినవని యడుగువారు కొలదిమంది. విశ్వవిద్యాలయము తన బీరువాలలో దేనిని చేర్చునో దానిని విద్యగా నంగీకరించినట్లే. దేనిని విడుచునో అది యేబది యేండ్లకు లేనిదేయగును. కావున నీ నిర్ణయము కార్యాలయపు గదిలో ముగియదగిన స్వల్పవిషయము గాదు.

1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ కవుల సంచికను వెలువరించిన చరిత్రము తెలుగు పాఠకులకు సుపరిచితము. తెలంగాణమున కవులు లేరను మాటకు వారు వాదముతో గాక సేకరణముతో బదులు చెప్పిరి. ఊరూరినుండి పద్యములు తెప్పించి 354 మంది కవుల నొక్క సంపుటమున నిలిపిరి. కవులు లేకపోలేదు; వారి రచనలను కూర్చిన చోటు లేకపోయినది. 1949లో వారే ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర, తిండి, బట్ట, ఆటపాటలు, సామెతలు సయితము చరిత్రకు సాక్ష్యములేయని చాటినది. పాలమూరు సీమవాడైన యా పండితుని కృషి నేటి గ్రంథాలయములకు మొదటి పాఠము.

నల్లగొండలో 1918లోనే షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారు ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయమును నెలకొల్పిరి. 1922లో నీలగిరి పత్రికను నడపిరి. ప్రజలు తమంత తాము గ్రంథాలయములు కట్టుకొన్న యీ మెట్టసీమకు విశ్వవిద్యాలయములు మాత్రము బహుకాలమునకు గాని రాలేదు. నల్లగొండకు 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమును, మహబూబునగరమునకు 2008లో పాలమూరు విశ్వవిద్యాలయమును వచ్చినవి. వెనుక వచ్చినవారికొక మేలు కలదు: ముందువారి పొరపాటులను మరల చేయనక్కరలేదు.

ఎన్నిక సాధారణముగా నెట్లు జరుగును? ఆయా శాఖల ఆచార్యులు పట్టికల నిత్తురు. గ్రంథాలయ సంఘము వానిని పరిశీలించును. ఉన్న ధనము శాఖలకు పంచబడును. కొన్నిచోట్ల సంవత్సరాంతమున, మిగిలిన సొమ్ము తిరిగిపోవునను భయముచే, చేతికందిన పుస్తకమెల్ల కొనబడును. ఈ పద్ధతిలో పాఠ్యప్రణాళికలోనిది వచ్చును. గట్టిగా నడిగిన శాఖకు హెచ్చుగా వచ్చును. ఎవరును అడుగనిది యెన్నటికిని రాదు. నల్లమల చెంచుల పాటను కొనుడని పట్టిక వ్రాయు శాఖ యేది?

ఇచ్చట నొక ఆక్షేపణ కలదు, అది న్యాయమైనదే. ఇంటికి మొదటి పట్టభద్రుడు కాగోరు పేద విద్యార్థికి పాఠ్యగ్రంథము కావలయును; ఉద్యోగ పరీక్షల పుస్తకము కావలయును. అతని యాకలి తీర్పక పాత కాగితములు కొనుట ధర్మమా? కాదు. ప్రతి పాఠకునికి వాని గ్రంథము దొరకవలయునని రంగనాథన్ పండితుడు 1931లో సూత్రీకరించిన నియమము అతనికే ముందు వర్తించును. కాని యా సూత్రములలోనే గ్రంథాలయము పెరుగుచుండు జీవియనియు నున్నది. నేటి విద్యార్థి యెంతటివాడో రేపటి పరిశోధకుడును అంతటివాడే.

ధనముయొక్క చిక్కు కొంత తగ్గుటకు దారియు నేర్పడినది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన ‘ఒకే దేశము, ఒకే చందా’ పథకము మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు, పరిశోధనాలయములకు అందజేయ నుద్దేశించినది. లోకమెల్ల చదువు పత్రికలు ఢిల్లీనుండి వచ్చునప్పుడు, లోకమున మరెవ్వరును కూర్పనిదానిని కూర్చుట నల్లగొండ, పాలమూరుల పని.

అది మరెవ్వరో చేయుదురని నమ్మి యూరకుండరాదు. 1954 నాటి చట్టము ననుసరించి ప్రచురణకర్తలు ప్రతులు పంపవలసినది కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ గ్రంథాలయములకే. మన జిల్లాల ముద్రాలయమున నచ్చైన చిన్న పుస్తకము మన విశ్వవిద్యాలయమునకు తనంత రాదు. మరియొక వింత చూడుడు. 1962నుండి అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము, మనకమ్మిన ధాన్యమువలన చేరిన రూపాయలతో, తెలుగుతోసహా భారతభాషల గ్రంథములను కొని చికాగో, విస్కాన్సిన్ మున్నగు విశ్వవిద్యాలయములకు పంపినది. పరదేశపు విద్యార్థికి దొరకు తెలుగు పుస్తకమునకు మన విద్యార్థి సముద్రము దాటవలసివచ్చినచో, అది మనకు గౌరవమా?

చేర్పదగినవి కన్నులయెదుటనే యున్నవి. నల్లగొండ పేరు నీటి శాస్త్రజ్ఞులలో ప్రసిద్ధము. పటికతో, సున్నముతో ఫ్లోరైడును తొలగించు విధానమునకు ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు. ఆ వ్యాధిపై వచ్చిన ప్రతి నివేదికయు, వంగిన యెముకలతో బ్రదికినవారి మాటలును నల్లగొండలోనే సమగ్రముగా దొరకవలయును. 1946-51 నాటి సాయుధ పోరాటపు కరపత్రములు, జ్ఞాపకములు, ప్రభుత్వ పత్రములు ఉభయపక్షములవియు చేరవలయును. నాగార్జునసాగరమున మునిగిన యేలేశ్వరము, శ్రీశైల జలాశయమున మునిగిన పల్లెల పటములును దస్తావేజులును; గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానముల తెలుగు, పారసీ, ఉరుదూ కాగితములు; పోచంపల్లి, నారాయణపేట నేతగాండ్ర నమూనాలు; దేశమెల్ల ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల జాబులు, మేస్త్రీల లెక్కపుస్తకములు కూడ విద్యాధనమే.

కాని కనబడినదెల్ల పోగుచేయుట సంగ్రహము గాదు. ఏది చేర్తుమో, ఏది చేర్పమో, ఎందులకో తెలుపు నియమావళి తెలుగులో వ్రాయబడి ప్రజల కందుబాటున నుండవలయును. రెండు విశ్వవిద్యాలయములును విషయములను పంచుకొనవలయును. ఒక్కటే గ్రంథమునకు ఇరువురును సొమ్ము వెచ్చింపరాదు. దానముగా వచ్చినదానినైనను పరీక్షింపక గైకొనరాదు. నిరాకరించినచో కారణము చెప్పవలయును. మూలమును విడువనొల్లని కుటుంబమునుండి ఛాయాప్రతి తీసి, మూలమును భద్రముగా తిరిగి యీయవలయును. వ్యయమున పదింట నొక పాలైనను స్థానిక సంగ్రహమునకు వేరుచేసి, దానిని మరియొక పద్దునకు మరల్పరాదు.

2016 తరువాత ఈ రెండు పాత జిల్లాలును ముక్కలై పెక్కు జిల్లాలైనవి, కచ్చేరీలు మారినవి. కచ్చేరి మారునప్పుడు కాగితము పోవుట మనమెరుగనిది గాదు. చెదలకు నియమావళి యక్కరలేదు. అది ప్రతిదినమును తన యెన్నిక తాను చేసికొనుచునే యున్నది. దానికంటె ముందుగా విశ్వవిద్యాలయములు తమ యెన్నిక చేయుగాక!